తొమ్మిదో టేబుల్ కింద పెరుగన్నం

వేణుగిరి అంతర్జాతీయ రుచుల ప్రాంగణంలో, తొమ్మిదో నంబరు టేబుల్ కింద, సోమవారం ఉదయం ఏడూ పదికి పెరుగన్నం దొరికింది.

స్టీలు గిన్నె. మూత పక్కన పడి ఉంది. లోపల రెండు ముద్దలకి సరిపడా అన్నం. అంచున నాకి వదిలేసిన మాగాయ టెంక. ఊడుస్తున్న మనిషి చీపురు అక్కడే పారేసి, వెనక్కి వెనక్కి నడిచి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ బెవర దాలినాయుడికి ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడ అది ఉంది సార్."

"అది అంటే ఏది?"

"ఫోన్లో సెప్పకూడదు సార్."

దాలినాయుడు ఆరు నిమిషాల్లో వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, వాసన చూశాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చూడని దరిద్రం లేదు. వరద కాలవల్లో ఉబ్బిన పందుల్ని తీయించాడు. కలరా వార్డులు కడిగించాడు. ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. ఇప్పుడు మూసుకున్నాడు. ఎందుకంటే ఆయనకి నోరూరింది.

గబగబా లేచి, నాలుగు కుర్చీలు అడ్డం వేసి చుట్టూ తాడు కట్టించాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి పైనుంచి మూల్యాంకన బృందం వస్తోంది. చేతిలో ఉన్నవి మూడున్నర రోజులు.

ఊరికి ఈ గతి పట్టి పదకొండు వారాలయింది. ప్రజలు తింటున్నారు గానీ తగినంత ఆనందంగా తినడం లేదని పైవాళ్ళు ఎక్కడో కనిపెట్టారు. వెంటనే "సకుటుంబ సమిత్ర విశ్వరుచుల ఆస్వాదన పథకం" పుట్టింది. ప్రయోగానికి వేణుగిరిని ఎంచుకున్నారు. కారణం, అక్కడ పాత కూరగాయల మార్కెట్ రేకుల షెడ్డు ఖాళీగా ఉంది.

మునిసిపల్ కమిషనర్ త్రినాథ పట్నాయక్ ఈ పథకాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. బస్టాండు చుట్టూ ఉన్న నలభై టిఫిన్ బళ్ళనీ షెడ్డులోకి తోలించి, చీటీలు తీసి, తలా ఒక దేశం కేటాయించాడు. ఇడ్లీల గవరయ్యకి జపాన్ వచ్చింది. బజ్జీల బండికి ఇటలీ. ఇరవై ఆరేళ్ళుగా దిబ్బరొట్టెలు వేస్తున్న అప్పలకొండకి మెక్సికో తగిలింది.

"ఆ దేశం ఎటేపుంటాది బాబూ?" అని అడిగింది అప్పలకొండ.

"అవతలి వైపు," అన్నాడు కమిషనర్.

"ఏటికి అవతలా?"

"ఇంకొంచెం అవతల."

షెడ్డు నడిమధ్య పన్నెండు బార్బెక్యూ టేబుళ్ళు వేశారు. ప్రతి టేబుల్ మధ్యా ఒక గొయ్యి, గోతిలో బొగ్గులు. కుటుంబం అంతా చుట్టూ చేరి ఎవరి మాంసం వాళ్ళే కాల్చుకు తినాలి. మే నెల. నెత్తిన రేకులు. బయట నలభై మూడు డిగ్రీలు. టేబుల్ దగ్గర ఎంతో కొలవలేదు. కొలిచేవాడు రెండో నిమిషంలోనే లేచిపోయాడు.

ఆదివారం ఆదివారం ప్రతి కుటుంబం వచ్చి ఒక్కో దేశం రుచి చూడాలి. వెంట కనీసం ఇద్దరు మిత్రులుండాలి. మిత్రులు లేనివారికి మునిసిపాలిటీయే సమకూరుస్తుంది. అందుకోసం రెవెన్యూ విభాగం నుంచి ఎనిమిది మందిని డెప్యుటేషన్ మీద మిత్రులుగా వేశారు. అందరూ నాలుగు నిమిషాలకి తగ్గకుండా, పళ్ళు కనబడేలా నవ్వాలి. ఇవన్నీ పూర్తయ్యాక ఆనంద ధ్రువపత్రం ఇస్తారు. అది లేనిదే కుళాయి కనెక్షన్ రాదు. తండ్రి మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన ఒకాయన్ని, ముందు థాయిలాండ్ పూర్తి చేసుకు రమ్మని వెనక్కి పంపారు. పాపం ఆయన ఆ ఆదివారమే పూర్తి చేశాడు. నవ్వు మాత్రం నాలుగు నిమిషాలకి పది సెకన్లు తక్కువ పడింది.

నాలుగో వారానికి ఘోరం బయటపడింది. రహస్య సర్వే చేయిస్తే, వంద కుటుంబాల్లో తొంభై ఏడు కుటుంబాలు ఇంటికి పోగానే కాళ్ళు కడుక్కుని పెరుగన్నం తింటున్నాయని తేలింది. మిగతా మూడు కుటుంబాలూ దారిలోనే తింటున్నాయి.

"ప్రభుత్వం కలగజేసిన ఆనందాన్ని ప్రజలు ఇంటికెళ్ళి కడిగేసుకుంటున్నారు!" అని సమీక్షా సమావేశంలో బల్ల గుద్దాడు కమిషనర్. ఆ సాయంత్రమే పద్నాలుగో నియమం వెలువడింది: "ఆస్వాదించిన విశ్వరుచిని ఇరవై నాలుగు గంటలలోపు పెరుగు, మజ్జిగ, తత్సమాన ద్రవ్యములచే నిర్వీర్యము చేయరాదు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం తెల్లారగానే సోదా బృందాలు ఇల్లిల్లూ తిరిగి పెరుగు ముంతలు ఒంపించేస్తున్నాయి. ఇరుగుపొరుగులు తోడు ఇచ్చిపుచ్చుకోవడాన్ని ముఠా కార్యకలాపంగా ప్రకటించారు.

అలాంటి ఊళ్ళో, అలాంటి షెడ్డులో, పెరుగన్నం.

* * *

తొమ్మిదిన్నరకి దాలినాయుడు ఆ గిన్నెని గాజు పెట్టెలో పెట్టి కమిషనర్ గదికి తెచ్చాడు. పట్నాయక్ దాన్ని చూశాడు. ముఖం తిప్పుకుని మంచినీళ్ళు తాగాడు.

"వేలిముద్రలు?"

"అన్నం మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి సార్."

"తీయించావా?"

"పౌడరు చల్లారు సార్. కలిసిపోయింది."

కమిషనర్ కళ్ళు మూసుకున్నాడు. "నాయుడూ, ఇది సామాన్య విషయం కాదు. పథకం మూలాల మీద జరిగిన దాడి. సమగ్ర విచారణ జరగాలి. అయితే లోతుగా వద్దు. విస్తృతంగా చెయ్యి."

"తేడా ఏమిటి సార్?"

"లోతుగా చేస్తే ఏదో ఒకటి తగులుతుంది. విస్తృతంగా చేస్తే నివేదిక తయారవుతుంది."

"చిత్తం."

"ఇంకో మాట. సాక్ష్యాన్ని యథాతథ స్థితిలో భద్రపరచాలి. వంచరాదు, ఒంపరాదు, తిరగెయ్యరాదు. ఇది నా లిఖితపూర్వక ఆదేశం." అని అప్పటికప్పుడు రాసిచ్చాడు. "తొమ్మిదో టేబుల్‌కి దగ్గరి దేశం ఏది?"

"మెక్సికో సార్. మూడడుగులు."

"అయితే బాధ్యత మెక్సికోదే. బుధవారం సాయంత్రం అయిదు గంటల్లోగా నేరస్థుణ్ణి చూపించాలి. లేకపోతే బండి లైసెన్సు రద్దు. గురువారం బృందం వచ్చేసరికి చర్య తీసుకున్నట్టు ఫైల్లో కనపడాలి."

* * *

దాలినాయుడు తెచ్చిన ఉత్తర్వు కాగితం చూసి అప్పలకొండ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆవిడకి చదువు రాదు. కింద ముద్ర ఉంటే చెడ్డ కబురని మాత్రం తెలుసు.

"నానేటి సేసినాను బాబూ?"

"మూడడుగుల దూరంలో ఉన్నావు."

"ఈ బండి మీద ముగ్గురం బతకతన్నాం. మంచాన పడ్డ తమ్ముడున్నాడు, ఆడి కూతురుంది. లైసెన్సు పోతే ఏటి తినాల?"

దాలినాయుడు తల వంచుకున్నాడు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పొద్దున్న ఈవిడ దిబ్బరొట్టే తిన్నాడు. "ఎవరో చెప్పు అప్పలకొండా. ఆదివారం అక్కడే ఉన్నావు కదా?"

అప్పలకొండ దగ్గరికి వచ్చింది. ఆయన చేతిలోని గాజు పెట్టె మూత కొంచెం ఎత్తి ముక్కు పెట్టింది.

"గేదె పాలు. మట్టి ముంతలో తోడెట్టినారు. మంచి సెయ్యి." మూత వేసింది. "ఒక మాట అడుగుతాను బాబూ. ఆదోరం పొద్దుట ఊరంతా మీరు పెరుగు ఒంపించేసినారు గదా?"

"ఒక్క ముంత మిగల్లేదు. నా రికార్డు అది."

"మరి సోమారం పొద్దుటేల ఊరందరికీ తోడు ఎక్కడిది?"

దాలినాయుడు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టాడు. ఏడు వారాలుగా ఆదివారం ఊరంతా ఒంపిస్తున్నాడు. ఏడు వారాలుగా మంగళవారం ఇంట్లో గడ్డపెరుగు తింటున్నాడు. మధ్యలో ఏం జరుగుతోందో ఒక్కసారీ తట్టలేదు.

"పాలుంటే పెరుగు అయిపోదు బాబూ. ఎవులో తోడు ఇవ్వాల. ఆలకి ఇంకెవులో ఇవ్వాల. అలా ఎనక్కి ఎల్లిపోతే, మీరు ఒంపించని ముంత ఒకటి తగలతాది. ఆదోరం నాడు పెరుగున్న ఇల్లు అదొక్కటే."

* * *

విచారణ మొదటి గుమ్మం దాలినాయుడిదే అయింది.

"భారతీ, విచారణాధికారిగా అడుగుతున్నాను. తోడు ఎక్కడిది?"

భార్య పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండా అంది. "భార్యగా చెప్పమంటారా, ముఠా సభ్యురాలిగా చెప్పమంటారా?"

"ఎలా చెప్పినా రాసుకుంటాను."

"అయితే రాసుకోండి. ఎదురింటి భానుమతి టీచరు గారిచ్చారు. ఏడు వారాలుగా ఆవిడే ఇస్తున్నారు. రోజూ రెండు పూటలా లొట్టలు వేస్తూ తిన్నవారి పేరు కూడా రాసుకోండి."

భానుమతి టీచరు పిల్లల హాజరు తీసినట్టు స్పష్టంగా చెప్పింది. ఆవిడకి పోస్టుమాస్టరు గారి కోడలిచ్చింది. కోడలికి కిళ్ళీ కొట్టు దాలమ్మ. దాలమ్మకి ఎవరో, ఆ ఎవరికో మరెవరో. మంగళవారం సాయంత్రానికి ముప్ఫై ఇళ్ళు అయ్యాయి. ప్రతి ఇంట్లోనూ "ఎండన పడి వచ్చారు, పుచ్చుకోండి" అంటూ చల్లటి మజ్జిగ ఇచ్చారు. సాక్ష్యంగా స్వీకరించి అక్కడికక్కడే తాగేశాడు. ముప్ఫై గ్లాసుల సాక్ష్యంతో నడవలేక నడుస్తూ, బుధవారం పొద్దున్న చివరి ఇంటికి చేరాడు.

అది బిల్ కలెక్టర్ కూర్మారావు ఇల్లు. అతని భార్య భయపడకుండా పెరటి గోడ చూపించింది.

"ప్రతి సోమవారం పొద్దున్నే ఆ గోడ మీంచి గిన్నెడు అందిస్తారండి. ఊరంతా ఆ గిన్నె మీదే బతుకుతోంది."

"గోడ అవతల ఎవరుంటారు?"

ఆవిడ ఆయన వంక జాలిగా చూసింది. "ప్రతి ఆదివారం ఆ గేటు ముందే కదండీ, మీరు సెల్యూట్ కొట్టి సోదాకి బయల్దేరేది?"

* * *

బుధవారం సాయంత్రం అయిదు గంటలు. కౌన్సిల్ హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద కమిషనర్. బల్ల మీద గాజు పెట్టె. పక్కన లైసెన్సు రద్దు ఉత్తర్వు, సంతకం ఒక్కటే తక్కువ. ముందు వరసలో కమిషనర్ భార్య సువర్ణలత, ఇద్దరు పిల్లలు, తల్లి. విచారణ పారదర్శకంగా జరుగుతోందని ఫొటోలో కనబడటం కోసం కమిషనరే కుటుంబాన్ని రమ్మన్నాడు.

అప్పలకొండ గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి.

"నివేదిక చదువు నాయుడూ. సారాంశం చాలు."

"సారాంశం లేదు సార్. వరస ఉంది."

చదివాడు. ఒక్కో ఇల్లూ, ఒక్కో పేరూ. పేరు వినబడినప్పుడల్లా హాల్లో ఎక్కడో ఒక ఆడమనిషి దగ్గింది. ముప్ఫై ఒకటో పేరు దాకా వచ్చి ఆగాడు. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. బదిలీ చేస్తే ఎక్కడ పడతాడో తెలియదు. కాగితం మడవబోయాడు.

గోడ దగ్గర నుంచి మెల్లగా వినబడింది. "సదవండి బాబూ. మీరు ఆగితే నా బండి పోద్ది."

దాలినాయుడు కాగితం మళ్ళీ ఎత్తి పట్టుకున్నాడు. "ముప్ఫై రెండు. తోడు బయల్దేరిన ఇల్లు. కమిషనర్ గారి క్వార్టర్సు."

హాలంతా ముందు వరస వైపు తిరిగింది.

"అసంభవం," అన్నాడు పట్నాయక్. "క్వార్టర్సు ప్రభుత్వ భవనం. ప్రభుత్వ భవనాలు పెరుగు తోడుపెట్టవు. పైగా తోడు ఇచ్చినంత మాత్రాన అన్నం తిన్నట్టు కాదు. ఈ గిన్నెకీ నా కుటుంబానికీ సంబంధం ఉన్నట్టు ఒక్క ఆధారం ఉందా?"

"గిన్నె తిరగెయ్యండి," అంది భానుమతి టీచరు వెనక వరస నుంచి.

"సాక్ష్యాన్ని తిరగెయ్యరాదు. లిఖితపూర్వక ఆదేశం ఉంది."

భానుమతి టీచరుకి ఆదేశాలు ఇచ్చే అలవాటే గాని తీసుకునే అలవాటు లేదు. వేదిక ఎక్కింది, పెట్టె తెరిచింది, గిన్నె ఎత్తి అడుగు చూసింది. పెళ్ళిళ్ళలో ఇచ్చే స్టీలు సామాను మీద పేరు కొట్టించని ఇల్లు ఆ జిల్లాలో లేదు. మూడు రోజులు ముప్ఫై ఒక్క ఇళ్ళు తిరిగిన విచారణ బృందానికి ఆ సంగతి గుర్తు రాలేదు.

టీచరు గట్టిగా చదివింది. "చిరంజీవి సౌభాగ్యవతి సువర్ణలతకు పెద్దమ్మ ఆశీస్సులతో."

ముందు వరసలో సువర్ణలత చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు.

కమిషనర్ హాలంతా కలయజూశాడు. చివరికి చూపు గోడ దగ్గర ఆగింది. "నీకు ముందే తెలుసా?"

"సూసినాను బాబూ. మూడడుగులేగా."

"మరి సోమవారమే ఎందుకు చెప్పలేదు? నీ లైసెన్సు పోతుందని తెలిసి కూడా?"

అప్పలకొండ కొంగు సర్దుకుంది. "అమ్మగోరు కలిపి పెడతంటే నలుగురూ సేతులు సాపి ముద్దలు తింటన్నారు. అలాంటిది సూసి ఎవులికి సెప్పబుద్దేస్తాది? నాను సెప్పనేదు బాబూ. తోడు సెప్పింది."

పట్నాయక్ కలం మూత పెట్టాడు. కుర్చీలోంచి లేచాడు.

"సభకు నమస్కారం. నేనే.

"తొమ్మిదో టేబుల్ కింద దొరికిన పెరుగన్నం నేను తిన్నదే. ఆదివారం మధ్యాహ్నం మూడూ పావుకి తిన్నాను. పథకం పుస్తకం అట్ట మీద వెయ్యడానికి ఆదర్శ కుటుంబం ఫొటో కావాలన్నారు. నా కుటుంబాన్నే కూర్చోబెట్టాను. బొగ్గుల ముందు గంటన్నర కూర్చున్నాం. మేక పక్కటెముకలు చేత్తో పట్టుకుని నలభై సార్లు నవ్వాం. నలభై ఒకటోసారి మా అమ్మ, 'ఒరే త్రినాథా, ఈ ఎముక ఎప్పుడు దించమంటావురా, చెయ్యి లాగేస్తోంది' అంది. ఫొటో అతను భోజనానికి పోయాడు. ఆ రోజుకి షెడ్డు మూసేశారు. అప్పుడు మా ఆవిడ సంచీలోంచి ఆ గిన్నె తీసింది.

"నేను స్వాధీనం చేసుకోవాలి. నియమం నాదే. కానీ మొదటి ముద్దకి చెయ్యి చాపింది కూడా నేనే. అమ్మ కంటే ముందు, పిల్లల కంటే ముందు. పదకొండు ఆదివారాలుగా ఊళ్ళో వాళ్ళందరూ కుటుంబంతో కలిసి తింటున్నారో లేదో చూడటానికి పోయి, నేను మావాళ్ళతో ఒక్క పూట కూడా కూర్చోలేదు. ఆ రోజు మా పెద్దపిల్ల ఏదో అంది, అందరం పగలబడి నవ్వాం. ఏమందో గుర్తు లేదు. నాయుడు విజిల్ వినబడి పారిపోయాం. రెండు ముద్దలు మిగిలిపోయాయి. వాటి మీద మనసు ఇంకా పోతూనే ఉంది.

"అప్పలకొండ పేరు ఎందుకు రాశానంటే, ఆవిడ మీద కోపం ఏమీ లేదు. ఫైల్లో ఒక పేరు ఉండాలి, ఆవిడ దగ్గరగా ఉంది. ఆ టేబుల్ ఇంకో నాలుగడుగులు ఇటుంటే ఇటలీ పేరు రాసేవాణ్ణి. తప్పు చేసిన వాడి పేరు రాయాలన్న ఆలోచన ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు రాలేదు. రావాల్సింది.

"ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పద్నాలుగో నియమం రాసిన రోజు మధ్యాహ్నం కూడా నేను పెరుగన్నమే తిన్నాను. త్రేనుస్తూనే సంతకం పెట్టాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. మా ఇంటి ముంత ఎవరూ ఒంపించరని నాకు తెలుసు.

"ఇదిగో, ఈ రద్దు ఉత్తర్వు చింపేస్తున్నాను. అప్పలకొండా, నీ బండి నీదే. రేపు దిబ్బరొట్టెలే వెయ్యి. వచ్చినవాళ్ళు అడిగితే మెక్సికోలో ఇలాగే చేస్తారని చెప్పు, వాళ్ళకీ తెలియదు. బోర్డు మాత్రం తియ్యకు, దాని మీద నా సంతకం ఉంది.

"తిన్నది నేనే, దాచింది నేనే, ఇంకొకరి మీద తోసిందీ నేనే. పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నాను. అయితే గురువారం మూడింటికి బృందం వస్తున్న కారణం చేత, ఈ ఒప్పుకోలు శుక్రవారం ఉదయం పదిన్నర నుంచి అమల్లోకి వస్తుంది."